ఇనుప స్ఫటికములలో అతివాహకత్వము

విద్యుత్తు నడచినచోట వేడి పుట్టును. గంటసేపు తిరిగిన ఫాను మోటారును తాకి చూడుడు. సెల్‌ఫోనునకు విద్యుత్తు నెక్కించు చార్జరును తాకి చూడుడు. రెండును వెచ్చగా నుండును. ఇస్త్రీపెట్టెలో మనకు కావలసినది ఈ వేడియే. కాని పొలములోని మోటారు పంపునకును, ఊరికి వచ్చు కరెంటు తీగలకును ఈ వేడి వట్టి నష్టము. తీగలోని పరమాణువులు తమ స్థానములలో కదలాడుచు, తమ నడుమ సాగిపోవు ఎలక్ట్రానులకు అడ్డు తగులుచుండును. ఈ అడ్డునకే నిరోధమని పేరు. అడ్డును త్రోసికొని పోవుటలో వ్యయమైన శక్తియే వేడిగా మారుచున్నది. రాగి తీగ యైనను, వెండి తీగ యైనను ఈ సుంకము చెల్లింపక తప్పదు.

సుంకము బొత్తిగా లేని స్థితి యొకటి ప్రకృతిలో కలదని 1911వ సంవత్సరమున తెలియవచ్చెను. హాలెండు దేశమునందలి లైడెన్ నగరములో కామర్లింగ్ ఓన్స్ అను ఆచార్యుడు అంతకు మూడేండ్ల ముందే, అనగా 1908లో, హీలియము వాయువును ద్రవముగా మార్చి, అదివరకెవ్వరును పొందజాలని చలిని తన ప్రయోగశాలలో నెలకొల్పెను. ఆ చలిలో పాదరసము నుంచి దాని నిరోధమును కొలుచుచుండగా, అది క్రమక్రమముగా తగ్గుటకు మారుగా ఒక్కచోట హఠాత్తుగా మాయమయ్యెను. ఈ స్థితికి అతివాహకత్వమని పేరు. ఏ ఉష్ణోగ్రత వద్ద పదార్థము ఈ స్థితిలోనికి మారునో దానిని పరివర్తన ఉష్ణోగ్రత యందురు. అతివాహకపు తీగను చుట్టగా చుట్టి, అందు విద్యుత్తును ప్రవేశపెట్టి, కొనలు కలిపినచో, చలి నిలిచియున్నంత కాలము ఆ విద్యుత్తు తరుగక తిరుగుచునే యుండును.

ఇంతటి చలిని చెప్పుటకు శాస్త్రజ్ఞులు కెల్విన్ మానమును వాడుదురు. ఇంతకంటె చల్లదనము ఉండుటకు వీలులేని హద్దు ఒకటి కలదు. అది మన కలవాటైన సెంటిగ్రేడు మానములో సున్నకు 273 డిగ్రీలు దిగువ. ఆ హద్దునే సున్నగా నెంచి పైకి లెక్కించునది కెల్విన్ మానము. ఈ లెక్కన మంచు కరగునది 273 వద్ద. హైదరాబాదులో ఎండలు మండు 40 డిగ్రీల వేసవి దినము 313 అగును. పాదరసము అతివాహకముగా మారునది 4.2 వద్ద. ఇకమీద మేము చెప్పు డిగ్రీలన్నియు కెల్విన్ డిగ్రీలే యని పాఠకులు గ్రహింతురు గాక.

ఈ పరివర్తన ఉష్ణోగ్రతను పైకి జరుపవలెనని శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా పాటుపడుట ఎందులకు? ఆస్పత్రిలోని ఎం.ఆర్.ఐ. యంత్రమును తలచుకొనుడు. శరీరము లోపలి భాగములను కోతలేకుండ చూపించు ఆ యంత్రములలో పెక్కింటి గర్భమున నయోబియం, టైటానియం అను లోహముల మిశ్రమముతో చేసిన అతివాహకపు చుట్ట యుండును. దాని పరివర్తన ఉష్ణోగ్రత సుమారు 9 డిగ్రీలు. కనుక దానిని 4 డిగ్రీల చలిగల ద్రవ హీలియములో ముంచి యుంచవలెను. హీలియమో, కొన్ని సహజవాయువు బావులనుండి మాత్రమే వేరుచేయబడు అరుదైన వాయువు. ఒకసారి గాలిలోనికి పోయినచో మరల చేతికి రాదు. మన దేశము దానిని విదేశములనుండి కొనవలసియున్నది. ఇట్టి యంత్రము చిన్న పట్టణములకు చేరుటలో నున్న కష్టములలో ఈ చలి వ్యయము ఒకటి.

నత్రజని సంగతి వేరు. మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు పాళ్ళు నత్రజనియే. అది 77 డిగ్రీల వద్ద ద్రవమగును. మన పల్లెలలోని పశువైద్యశాలలలో, మేలుజాతి ఆబోతుల వీర్యమును భద్రపరచుటకు మూతగల పెద్ద పాత్రలలో పోసి యుంచునది ఈ ద్రవ నత్రజనియే. పల్లెకు సైతము చేరగల చలి యిది. కాబట్టి 77 అను అంకె అతివాహక శాస్త్రములో ఒక గడప వంటిది. గడప దాటిన పదార్థమునకు చౌక చలి చాలును. దాటనిదానికి ఖరీదైన చలి కావలెను.

అతివాహకత్వము ఎట్లు కలుగుచున్నదో 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు వివరించిరి. తిరునాళ్లలో ఒంటిగా పోవువాడు అడుగడుగున ఇతరులను ఢీకొనుచు పోవును. కాని జనమంతయు జంటలుగా చేతులు పట్టుకొని, అందరును ఒకే అడుగు వేయుచు ఒకే దిక్కునకు నడచినచో ఢీకొనుట ఎక్కడిది? అతివాహకములో ఎలక్ట్రానులు ఇట్లే జంటలగును. పాదరసము, సీసము వంటి లోహములలో, పరమాణువుల వరుసలలో కలుగు సన్నని కదలికలే ఈ జంటలను కట్టు దారము. ప్రతి ఎలక్ట్రాను ఒక చిన్న అయస్కాంతము వంటిది. జంటలోని రెండింటి ముఖములు ఒకదాని కొకటి ఎదురుగా నుండును. బలమైన అయస్కాంతత్వము దాపున నున్నచో ఈ రెండింటిని ఒకే వైపునకు త్రిప్పజూచును. అంతట జంట విడిపోవును.

అందుచేత అయస్కాంతత్వము అతివాహకత్వమునకు శత్రువని అందరును నమ్మిరి. నూతనమైన అతివాహకములను పెక్కింటిని కనుగొనిన బెర్న్‌ట్ మథయాస్ అను శాస్త్రజ్ఞుని పేర కొన్ని నియమములు ప్రచారములో నుండెను. ఆమ్లజనికి దూరముగా నుండవలెననియు, అయస్కాంతత్వమునకు దూరముగా నుండవలెననియు అందు కలవు. మొదటి నియమము 1986లో భగ్నమయ్యెను. స్విట్జర్లాండులో బెడ్నార్జ్, ముల్లర్ అనువారు రాగి, ఆమ్లజని గల పింగాణివంటి పదార్థములో 30 డిగ్రీలకు పైగా అతివాహకత్వమును చూచిరి. మరు సంవత్సరమే అట్టి మరియొక పదార్థము 93 డిగ్రీలను చేరి నత్రజని గడపను దాటెను. కాని రెండవ నియమము చెక్కుచెదరలేదు. అయస్కాంతత్వ మనగానే అందరికిని తోచు లోహము ఇనుము. ఇనుమును ఎవరు ముట్టుకొందురు?

ముట్టుకొనినవారు వేరొకదాని కొఱకు వెదకుచుండినవారు. టోకియో సాంకేతిక విద్యాసంస్థలో హిదేయో హొసోనో అను ఆచార్యుడును, ఆయన సహచరులును కాంతిని తమగుండ పోనిచ్చు అర్ధవాహకములను శోధించుచుండిరి. ఆ మార్గమున పొరలుపొరలుగా నుండు స్ఫటికములలో ఒక లోహమునకు బదులు మరియొకదానిని పెట్టి చూచుచు, 2006లో లాంథానం, ఇనుము, భాస్వరము, ఆమ్లజని కలిసిన స్ఫటికము నొకదానిని పరీక్షించిరి. అది సుమారు 4 డిగ్రీల వద్ద అతివాహకమయ్యెను. అంకె చిన్నది కాన లోకము అంతగా పట్టించుకొనలేదు. తరువాత భాస్వరమునకు బదులు ఆర్సెనిక్‌ను, అనగా మనవారు పాషాణమని భయపడు విషములోని మూలకమును పెట్టి, ఆమ్లజనిలో నూటికి సుమారు 11 పాళ్ళు తీసి ఫ్లోరిన్‌ను చేర్చిరి. పరివర్తన ఉష్ణోగ్రత 26 డిగ్రీలకు ఎగబ్రాకెను. 2008 ఫిబ్రవరిలో ఈ వార్త వెలువడినంతనే టోకియో మొదలు బీజింగు, మ్యూనిక్, అమెరికా వరకు ప్రయోగశాలలలో కొలుములు రాజుకొనెను.

ఆ స్ఫటికము యొక్క కట్టడమును ఊహించుటకు ఆత్రేయపురపు పూతరేకును తలచుకొనిన చాలును. పలుచని రేకు, దానిపై చక్కెర పొర, మరల రేకు, మరల చక్కెర. ఈ స్ఫటికములో రేకు ఇనుము-ఆర్సెనిక్ పొర. చక్కెర లాంథానం-ఆమ్లజని పొర. విద్యుత్తు నడచునది రేకులో. నడుమనున్న పొర రేకులను ఎడముగా నుంచుటయే గాక, రేకులకు ఎలక్ట్రానులను అందించు భాండారముగా కూడ పనిచేయును. రేకులో ప్రతి ఇనుప పరమాణువు చుట్టును నాలుగు ఆర్సెనిక్ పరమాణువులు, నాలుగు ముఖములుగల చిన్న గోపురమువలె అమరియుండును. ఈ గోపురపు ఆకారమే ముందు రాబోవు కథలో ముఖ్యమైనది.

పరివర్తన ఉష్ణోగ్రతను పెంచుటకు శాస్త్రజ్ఞులకు మూడు ఉపాయములు దొరకినవి. మొదటిది కలుపుట. ఏమియు కలుపని శుద్ధ స్ఫటికము అతివాహకము కాదు. అది సుమారు 140 డిగ్రీలకు దిగువ అయస్కాంతముగా మారును. అయితే గుఱ్ఱపునాడ వంటి అయస్కాంతము కాదు. ఒక వరుసలోని ఇనుప పరమాణువులు ఉత్తరమునకు ముఖము త్రిప్పినచో ప్రక్క వరుసలోనివి దక్షిణమునకు త్రిప్పును. మొత్తము మీద బలము లేనట్లే కనబడును. లోపల మాత్రము కవాతు గట్టిగా నుండును. 2008లోనే అమెరికాలో న్యూట్రాను కిరణములను ప్రసరింపజేసి ఈ వరుసలను కనిపెట్టిరి. ఆమ్లజని స్థానములో ఫ్లోరిన్ చేరినప్పుడు ఒక్కొక్క ఫ్లోరిన్ పరమాణువు రేకునకు ఒక ఎలక్ట్రానును అదనముగా ఇచ్చును. ఈ క్రొత్తవారు చేరుకొలది కవాతు వరుసలు చెదరును. వరుసలు చెదరినచోటనే అతివాహకత్వము తలయెత్తును. ఫ్లోరిన్ తక్కువైనచో కవాతు మిగులును; మితిమీరినచో జంటలు సడలును. వంటలో ఉప్పువలె కొలత కుదురవలెను. ఫ్లోరిన్‌కు బదులు ఉదజనిని చేర్చు విధానమును హొసోనో బృందము కనుగొని, ఎక్కువ మోతాదులు కలిపి చూచి, పరివర్తన ఉష్ణోగ్రత ఒకసారి పెరిగి తగ్గి, మరల రెండవసారి పెరిగి 36 డిగ్రీలను చేరునని 2012లో ప్రకటించెను.

కలుపుట యనగా ఎలక్ట్రానులను ఇచ్చుట మాత్రమే కాదు. తీసివేయుటయు పనిచేయును. మ్యూనిక్ నగరములో 2008లోనే బేరియం, ఇనుము, ఆర్సెనిక్ కలిసిన స్ఫటికములో బేరియంకు బదులు కొంత పొటాసియంను పెట్టి చూచిరి. పొటాసియం బేరియంకంటె ఒక ఎలక్ట్రానును తక్కువగా నిచ్చును. ఆ స్ఫటికము 38 డిగ్రీల వద్ద అతివాహకమయ్యెను.

రెండవ ఉపాయము అదుముట. జపానులోనే టోకియో స్ఫటికమును గాలి పీడనమునకు 40,000 రెట్ల పీడనమున బిగించి చూడగా పరివర్తన ఉష్ణోగ్రత 26 నుండి 43 డిగ్రీలకు పెరిగెను. కాని అట్టి బిగింపు రెండు వజ్రముల నడుమ ఆవగింజకంటె చిన్న తునకపై సాధ్యమగునే గాని తీగపై సాధ్యము గాదు. ఇచ్చట చీనా శాస్త్రజ్ఞులు యుక్తిగా ఆలోచించిరి. వెలుపలినుండి అదుముటకు బదులు లోపలనే చిన్న పరమాణువును పెట్టినచో స్ఫటికము తనంతట తానే కుదించుకొనదా? లాంథానంకు బదులు దాని జాతిదే యైన, దానికంటె చిన్నదియైన సమేరియంను పెట్టిరి. 2008 మార్చిలో హెఫై నగరమునుండి 43 డిగ్రీలని వార్త వచ్చెను. ఏప్రిలులో బీజింగునుండి 55 డిగ్రీలని వార్త వచ్చెను. రెండు మూడు నెలలలో అంకె రెట్టింపు దాటెను.

అదిమినంతమాత్రమున అంకె ఎందులకు పెరుగవలెను? ఇచ్చట మనము చెప్పుకొనిన గోపురము అక్కరకు వచ్చుచున్నది. నాలుగు భుజములును సమముగా నున్న గోపురములో నడిమి ఇనుమునుండి ఏ రెండు ఆర్సెనిక్‌ల వైపునకు గీతలు గీచినను వాని నడిమి కోణము 109 డిగ్రీల 28 నిమిషములు. లాంథానపు స్ఫటికములో గోపురము కొంచెము నలిగి చప్పిడిగా నుండును. సమేరియం చేరినప్పుడు అది సమరూపమునకు చేరువగును. ఏ స్ఫటికములలో గోపురము సమరూపమునకు దగ్గరగా నున్నదో వానిలోనే పరివర్తన ఉష్ణోగ్రత మిక్కుటముగా నున్నదని పెక్కు స్ఫటికములను పోల్చి చూచినవారు గుర్తించిరి. పీడనము తనంతట తాను వరమీయదు. ఆకారమును సరిదిద్దినప్పుడే ఇచ్చును.

మూడవ ఉపాయము పొరలను విడదీయుట. ఇనుము, సెలీనియం అను రెండే మూలకములుగల స్ఫటికము ఈ కుటుంబమంతటిలో మిక్కిలి సామాన్యమైనది. అందు రేకులే గాని చక్కెర లేదు. ఇది 8 డిగ్రీల వద్ద అతివాహకమగునని 2008లో తైవానులో కనుగొనిరి. పీడనములో ఇది 37 డిగ్రీల వరకు ఎదిగెను. రేకుల నడుమ పొటాసియంను చొప్పించి ఎడము పెంచినప్పుడు 30 డిగ్రీలను చేరెనని 2010లో బీజింగునుండి తెలిసెను. తరువాత 2012లో బీజింగులోని సింగ్‌హువా విశ్వవిద్యాలయమునందు షూయె చీకున్ బృందము స్ట్రాన్షియం టైటనేట్ అను స్ఫటికపు పలకపై ఈ పదార్థమును ఒకే ఒక్క రేకుగా పేర్చి చూచెను. ఎలక్ట్రానుల జంటలు ఏర్పడినప్పుడు వాని శక్తులలో ఒక ఖాళీ కనబడును. ఆ ఒంటి రేకులో ఈ ఖాళీ సుమారు 65 డిగ్రీల వరకు నిలిచియున్నట్లు తరువాతి కొలతలు చూపెను. గడ్డగా నున్నప్పుడు 8. ఒంటి రేకుగా పలకపై కూర్చున్నప్పుడు 65! పలక తన ఎలక్ట్రానులను రేకునకు ఇచ్చుచున్నదని నిశ్చయమయినది. పలకలోని పరమాణువుల కదలికలు కూడ జంటలను బిగించుటకు తోడ్పడుచున్నవని పలువురి అభిప్రాయము. రేకు ఎంత పలుచనిదనగా, దానిని గాలి సోకకుండ శూన్యములోనే కాపాడవలెను, లేదా పైపూత వేయవలెను.

ఇప్పుడు మరల మొదటి ప్రశ్నకు వత్తము. అయస్కాంతత్వము శత్రువైనచో ఇనుములో ఇదంతయు ఎట్లు జరిగెను? ఇనుప స్ఫటికములలో పరమాణువుల సాధారణపు కదలికలు ఇంతటి ఉష్ణోగ్రత వరకు జంటలను కట్టి యుంచజాలవని లెక్కలు చూపినవి. మరి దారమేది? పెక్కుమంది శాస్త్రజ్ఞులు నమ్మునది ఇది: కవాతు వరుసలు గట్టిగా నిలిచియున్నప్పుడు అయస్కాంతత్వము శత్రువే. కాని కలుపుటచేతనో, అదుముటచేతనో ఆ వరుసలు చెదరినప్పుడు, చెదరిన వరుసల అలజడి పూర్తిగా అణగదు. ఆ అలజడియే ఎలక్ట్రానుల నడుమ దారమగుచున్నది. అనగా నిలిచిన అయస్కాంతత్వము జంటలను విడదీయును. కరగుచున్న అయస్కాంతత్వము జంటలను కట్టును. ఈ విషయమున చర్చ ముగియలేదు. కాని పరివర్తన ఉష్ణోగ్రత మిక్కుటముగా నుండునది అయస్కాంతత్వపు హద్దునకు ఆవల బహుదూరమున గాక, దానికి ఇరుగుపొరుగుననే యని అనేక స్ఫటికములలో కనబడుచున్నది.

ఇనుప స్ఫటికములు నత్రజని గడపను దాటినవా? దాటలేదు. గడ్డగానున్న స్ఫటికములలో 2008లో చేరిన 55 డిగ్రీల పరిసరములనే అంకె ఇంచుమించుగా నిలిచియున్నది. రాగి స్ఫటికములు దాటిన గడపను ఇనుము ఇంకను దాటలేదు. అట్లయిన ఈ శ్రమ వ్యర్థమా? కాదని మేము చెప్పుదుము. రాగి స్ఫటికములు పెళుసు. అందలి రేణువులు ఒకదానితో నొకటి సరిగా వరుసదీరినగాని విద్యుత్తు హెచ్చుగా నడువదు. అట్లు వరుసదీర్చుట చాల వ్యయముతో కూడిన పని. ఇనుప స్ఫటికములు ఈ విషయమున అంత పట్టుదల గలవి కావు. పొడిచేసి లోహపు గొట్టములో కూరి, సాగదీసి, కాల్చి తీగగా చేయవచ్చును. 2016లో చీనాలో ఇట్లు నూరు మీటర్ల పొడవుగల తీగను చేసిరి. పైగా ఇవి బలమైన అయస్కాంత క్షేత్రములకు లొంగవు. వీనిలో కొన్ని 50 టెస్లాలకు మించిన క్షేత్రములోను చలిలో అతివాహకములుగా నిలుచును. ఎం.ఆర్.ఐ. యంత్రములలో సాధారణముగా వాడునవి ఒకటిన్నర, మూడు టెస్లాలు. ద్రవ హీలియము లేకుండ, కరెంటుతో నడచు శీతలయంత్రముతోనే 20 డిగ్రీల చలిని పొందవచ్చును. ఆ చలిలో పనిచేయు బలమైన అయస్కాంతములకు ఇనుప తీగ తగియుండునని ఆశ. ఆర్సెనిక్ విషము కాన వీనిని మూసిన గదులలో జాగరూకతతో చేయవలెననుట మాత్రము మరువరాదు.

ఈ కథలో అంకెలకంటె పెద్ద సంగతి యొకటి కలదని మాకు తోచుచున్నది. ఇనుమును ముట్టవలదని పెద్దలు చెప్పినది అజ్ఞానముచేత గాదు. వారు చూచిన పదార్థములలో అది నిజమే. కాని నియమము చెప్పినచోట వెదకుట మానినవారికి ఇనుములోని గుణము తొంబదియేండ్లకు పైగా దాగియుండెను. వేరొకదానిని వెదకుచు, కంటబడినదానిని నిర్లక్ష్యము చేయక కొలిచి చూచినవారికి దొరకెను. 4 నుండి 26కు, 26 నుండి 55కు వచ్చుటకు రెండేండ్లు పట్టినది. 55 నుండి 77కు నడుమ మిగిలినది 22 డిగ్రీలే. మన ఊరి తొలకరి చినుకునకు నడివేసవి మధ్యాహ్నము చల్లబడునది అందులో సగము. ఆ 22 డిగ్రీలు ఏ స్ఫటికములో, ఏ కలయికలో దాగియున్నవో వెదకుచున్నవారు నేడును వెదకుచునే యున్నారు. అవి దొరకిననాడు, పశువైద్యశాలకు చేరిన చలియే ఆస్పత్రి యంత్రమునకును చాలును.